పూటకో అభిప్రాయం

సంపాదకురాలి ఫోను వచ్చేసరికి ఆమె ప్రింటరులో ఇరుక్కుపోయిన కాగితాన్ని లాగుతోంది.

"మీ కథ తీసుకున్నామమ్మా. ప్రత్యేక సంచికలో వేస్తున్నాం."

కాగితం చిరిగి సగం చేతికొచ్చింది. పెళ్ళయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆమెకు సంబరం కాని విషయమే లేదు. తలుపు వెనక ఒకే మేకుకి రెండు గొడుగులు వేలాడినా సంబరమే, దువ్వెనలో ఇద్దరి వెంట్రుకలు చిక్కుకున్నా సంబరమే. అలాంటి మనిషికి ఈ మాట వినబడితే కాళ్ళు నేలమీద ఎలా నిలుస్తాయి?

"కాకపోతే ఒకటి," అంది సంపాదకురాలు. "కొత్తవాళ్ళ కథకి ముందు పేరున్న రచయిత రాసిన పది వాక్యాల పరిచయం ఉండాలి. అది మా పద్ధతి. ఎల్లుండి మధ్యాహ్నానికల్లా అందకపోతే మీ చోట్లో ఇంకొకరి కథ వేసేస్తాం. అయినా మీరు పనిచేసేది పెద్దాయన దగ్గరేగా! మీకేం కష్టం?"

ఆమె సరేనని ఫోను పెట్టేసింది. ఆ పెద్దాయన పక్క గదిలోనే, పడక్కుర్చీలో ఉన్నాడు. ఆయన చెబుతుంటే టైపు చేయడం ఆమె ఉద్యోగం. "ముప్పై ఏళ్ళు దాటకుండా కథ రాయడాన్ని నేరంగా ప్రకటించాలి" అన్న వాక్యాన్ని గంట క్రితమే టైపు చేసింది. ఆమెకు ఇరవై నాలుగు. పైగా ఆమె కథలు రాస్తుందని ఆయనకు తెలియనే తెలియదు.

మెట్ల మీదికి వెళ్ళి భర్తకు ఫోను చేసింది. అతనిది కళ్ళజోళ్ళ షాపులో పని.

"చెప్పండి మేడమ్, దూరపు చూపా, దగ్గర చూపా?"

"నా కథ తీసుకున్నారు!"

అవతల ఏదో గలగలా కిందపడింది. "ఫ్రేముల ట్రే. పోనీలే. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు!"

పరిచయం సంగతి కూడా విన్నాక అతను గొంతు తగ్గించాడు. "పొద్దున్న పూట అడక్కు తల్లీ. భోజనమయ్యాక అడుగు."

అతనికీ తెలిసిపోయింది మరి, పెద్దాయన వరస. తాత కట్టించిన ఇల్లు, తండ్రి చేయించిన బల్ల, పిలిస్తే పలికే భార్య. అలాంటిచోట కూర్చుని ఆయన పొద్దున్నే "ఆకలి తెలియనివాడు కలం పట్టకూడదు" అనేవాడు. మరు నిమిషంలో "ఇంకా భోజనానికి పిలవరేం?" అని కేకేసేవాడు. ఇప్పటి రచయితలు సొంత గోడు తప్ప ఇంకేమీ రాయరని పొద్దున్న తిట్టేవాడు. కడుపు నిండాక, సొంత బతుకు రాసే ధైర్యం ఒక్కడికీ లేదని విచారపడేవాడు. కొత్త పుస్తకం ఏదీ నాలుగో పేజీ దాటి చదివింది లేదు. మొదట్లో ఆమె తికమకపడింది. తర్వాత రెండు అట్ట ఫైళ్ళు కొని, ఒకదాని మీద 'పొద్దుటి అభిప్రాయాలు', రెండోదాని మీద 'మధ్యాహ్నం అభిప్రాయాలు' అని రాసి, ఏ పూటవి ఆ పూటకు సర్దేసింది.

భోజనమయింది. పెద్దాయన పడక్కుర్చీలో వాలాడు. అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని చీర కుచ్చులు ముడేస్తోంది.

"పొద్దున చెప్పిన ఉపన్యాసం ఇలా తే అమ్మాయ్."

కంగారులో ఆమె ఆ రెండు ఫైళ్ళూ ఆయన చేతిలో పెట్టేసింది. పెట్టాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆయన అట్టల మీది అక్షరాలు చదివేశాడు. ఇందులో ఒక కాగితం, అందులో ఒక కాగితం తీసి పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఏమిటది?" అంటూ అమ్మగారు లేచొచ్చి, భుజం మీంచి చూసి పకపకా నవ్వింది. "నలభై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే! ఈ పిల్ల ఫైలు కట్టి మరీ పెట్టింది."

ఆయన నవ్వలేదు. "ఇందులో ఏది నిజం?"

ఉద్యోగం ఊడినట్టే అనుకుంది ఆమె. "తెలీదండీ. మీరు చెప్పేటప్పుడు రెండూ నిజంలాగే ఉంటాయి. అందుకే రెండూ దాచాను."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ నోరు పెగలదనిపించి ఆమె గబగబా అంతా చెప్పేసింది. కథ, సంచిక, పది వాక్యాలు.

"నువ్వు కథ రాశావా? ఎన్నేళ్ళు నీకు?"

"ఇరవై నాలుగండీ."

"నేరం."

"అవునండీ. పొద్దున నేనే టైపు చేశాను."

అమ్మగారు మళ్ళీ నవ్వింది. ఆయన మీసం కూడా కాస్త కదిలింది. "చదువు."

ఒకే పొయ్యి ఉన్న ఒంటిగదిలో కొత్త దంపతులు వంట చేసుకునే కథ అది. ఆమె సంచిలోంచి కాగితాలు తీసి చదివింది. వాక్యం ఎక్కడ ఆపాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఈ గదిలోనే ఆయన తిడుతూ నేర్పాడు. ఆ సంగతి చదువుతుంటేనే ఆమెకు తెలిసొచ్చింది.

"ఆగాగు. పొయ్యి ఒక్కటే అయితే కూర వండేలోపు అన్నం చల్లారిపోదూ?"

"కూర ముందు వండుతామండీ. తర్వాత అన్నం. ఉడుకుతున్న అన్నం మూత మీద కూర గిన్నె పెడతాం. రెండూ వేడిగానే ఉంటాయి."

"ఇదెక్కడి విడ్డూరం!"

"అసలు మన పొయ్యి ఏ పక్కనుందో చెప్పండి చూద్దాం," అంది అమ్మగారు.

ఆయన ధీమాగా వేలు చూపించాడు.

"అటు కుళాయి ఉందండీ మహానుభావా!"

ఆయన దగ్గాడు. "వంటింటి కథలు సాహిత్యం కాదు. నేనెప్పుడూ ఆ మాటే అంటాను." కుర్చీలో ముందుకు వంగాడు. "ఆ గిన్నె మీద గిన్నె పెట్టే చోటు మళ్ళీ చదువు."

ఆమె మళ్ళీ చదివింది.

"చివర 'ఆమె మనసు ఆనందంతో ఉప్పొంగింది' అన్నావే, అది తీసెయ్. అంతకు ముందే అన్నం పొంగిందిగా. చాలు."

ఆమె అక్కడికక్కడే కొట్టేసింది. కొట్టేశాక కథ ఎంత తేలికపడిందో చూసి ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. "మరి పరిచయం అండీ?"

"ఇప్పుడు చెప్పను. ఇప్పుడు మెచ్చుకుంటే పొద్దున్నకి తిడతాను, సాక్ష్యం నీ దగ్గరే ఉంది. అయినా చూడని పొయ్యి గురించి ఏం చెప్పమంటావు? రేపు సాయంత్రం మీ ఇంటికొస్తాం. ఆ వంట చూసి, తిని, అక్కడే చెబుతాను. అక్కడే టైపు చెయ్యి. ఎల్లుండి పొద్దున నేను లేచి మనసు మార్చుకునేలోపు పంపించెయ్."

"మాది చాలా చిన్న గదండీ..."

"ఆయన్ని గుమ్మంలో కూర్చోబెడదాంలే," అంది అమ్మగారు. "ఉల్లిపాయలు నేను తరుగుతాను."

ఆమె ఒక్కొక్క మెట్టూ గెంతుతూ కిందికి దిగింది. భర్త ఒక్క రింగుకే ఫోనెత్తాడు.

"ఏమన్నారు? తిట్టారా?"

"తిట్టారు, దిద్దారు, వస్తానన్నారు! రేపు మధ్యాహ్నం నుంచి నీకు సెలవు. నాలుగింటికి గది కడగాలి. అయిదింటికి పక్కవాటా వాళ్ళ కుర్చీలు రెండు అడిగి తేవాలి. ఆరింటికి వాళ్ళొస్తారు. ఏడింటికి మనం నలుగురం కలిసి భోంచేస్తాం."