అరవై మూడో ముడి

మగ్గం గుంతలోకి కాళ్ళు దించి, భిక్షపతి తొక్కుడు చెక్కల మీద పాదాలు సర్దుకున్నాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఏది కుడి చెక్కో ఏది ఎడమ చెక్కో కాలికి తెలియడం లేదు, వంగి కళ్ళతో చూసుకోవలసి వస్తోంది. పదిహేనో ఏట నుంచి చూడకుండా తొక్కిన చెక్కలవి. కాస్త ఊపిరి తీసుకుని, పోగు మోసే నాడె విసిరాడు. పది పోగులు నేసి ఆగాడు. ఇంకో పది నేసి ఆగాడు. గట్టుప్పల్‌లో ఒకప్పుడు మూడు రోజులకో చీర దించిన మనిషి, ఈ ఒక్క చీర మీద నెలన్నరగా కూర్చున్నాడు. మానెయ్యమంటే వినడు. ఊరికే కూర్చుంటే రోగిలా ఉంటుందట, నేస్తుంటే మనిషిలా ఉంటుందట.

భార్య ఆండాళు గుమ్మం పక్కన రాట్నం ముందు నూలు కండెలు చుడుతోంది. ఆమె దగ్గర ఒక సీసాలో భగీరథ నల్లా నీళ్ళున్నాయి. రోజంతటికీ ఆయన తాగవలసినవి అవే, లీటరుంబావు. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరమ్మ చెప్పింది. దప్పికన్నప్పుడల్లా ఆండాళు మూతతో కొలిచి పోస్తుంది. ఆయన ఆ మూతను నాకినంత పని చేస్తాడు.

మందు తాగాడు, దాచేదేముంది. ముప్పై ఏళ్ళు తాగాడు. పొద్దంతా గుంతలో కూర్చుంటే నడుము పట్టేస్తుంది, సాయంత్రం ఒక క్వార్టర్ పడితే ఆ నడుము తనది కాదనిపిస్తుంది. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. గోడకానుకుని నవ్వుకుంటూ నిద్రపోయేవాడు. అందుకే ఇంట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ మంచితనమే కొంప ముంచిందని ఇప్పుడు ఆండాళు ఏడుపు. కిందటేడు ఆయాసమొచ్చి హైదరాబాదులో పెద్ద దవాఖానకు పోతే, మందు వల్ల గుండె కండ సాగిపోయి పాత సంచిలా వదులైందన్నారు. ఈ గుండె ఎక్కువ కాలం లాగదు, వేరే గుండె పెట్టాలి. దానికోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పేరు ఎక్కాలంటే ఆరు నెలలు మందు చుక్క ముట్టకూడదు.

ఇంటికొచ్చిన సాయంత్రమే మగ్గం గుంజకు ఒక దారం కట్టి ముడి వేశాడు. ముట్టని రోజుకొక ముడి. దీపాలు పెట్టే వేళకు దారాన్ని నోట్లో తడిపి, చీరలో తెగిన పోగు అతికినంత పొందికగా వేసేవాడు. ఆరు నెలలూ నిండాక దాన్ని విప్పి చొక్కా జేబులో పెట్టుకుని, నల్లగొండలో బట్టల దుకాణంలో పనిచేసే బిడ్డ అఖిలను తోడు తీసుకుని, పెళ్ళికి పోతున్నట్టు దవాఖానకు పోయాడు.

డాక్టరమ్మ ఆ దారం చూసి ముచ్చటపడింది. అడగవలసినవన్నీ అడిగి, చివరగా కల్లు కూడా లేదు కదా అంది.

"కల్లు తాగిన మేడం. మొన్న వారం మూడు దినాలు, పొద్దుగాల గిలాసెడు. అది మందు గాదు గద?"

ఆమె చేతిలో దారం అట్లాగే ఉండిపోయింది. కల్లూ మందు కిందికే వస్తుందని, ఆరు నెలలూ మళ్ళీ మొదలు పెట్టాలని మెల్లగా చెప్పింది. అబద్ధమాడితే ఏమయ్యేదో గానీ, అది అబద్ధమాడవలసిన సంగతని ఆయనకు తెలియనే తెలియదు.

ఆ కల్లు పోసింది ఆండాళు. మూత్రం సరిగా రాక కాళ్ళు పొంగుతుంటే, తన అవ్వ చేసిన వైద్యం గుర్తొచ్చి, కల్లు గీసే సోమన్న దగ్గరికి తెల్లారకముందే పోయి, అప్పుడే దించిన ఈతకల్లు తెచ్చింది. తిరుగు బస్సు సగం దూరం వచ్చాక తండ్రి బిడ్డ వైపు తిరిగాడు.

"అమ్మకు చెప్పకు బిడ్డా," అన్నాడు అప్పుడు. "జాబితా నిండిందట, ఆరు నెలలైనంక రమ్మన్నరు. గంతే."

పాత దారాన్ని కండెల డబ్బా అడుగున దాచి కొత్త దారం కట్టాడు. పాతది ఎలుక కొరికిందన్నాడు. కల్లు తాగితే తేన్పులొస్తున్నాయని, ఇక తేవద్దన్నాడు. పుట్టిన నాటి నుంచి నూలు చేతుల్లో పెట్టుకుని బతికిన ఆడమనిషికి దారం మీద అబద్ధం చెప్పాడు, పిచ్చి మారాజు.

ఈ రోజు ఎండెక్కాక ఆండాళు కండెలు అందించడానికని వచ్చి, గుంత పక్కన కూర్చుండిపోయింది. ఒళ్ళో పాత దారం ఉంది. దాని మీద ఎలుక పన్ను పడిన గుర్తు ఒక్కటీ లేదు. అది దొరికి నెలైందట. దవాఖానకు పోయే ముందు వారం ఏం పెట్టాను, ఏం పోశాను అని తలచుకుని తలచుకుని, నిన్న ఫోనులో అఖిలను నిలదీసి అసలు సంగతి రాబట్టిందట.

"నేను పోసిందే గదా," అంది. "నా చేతులతోని."

భిక్షపతి నాడె పక్కన పెట్టి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లు నేను తాగిన. నువ్వు పోసింది మూడు గిలాసలు. గా పేరంత నువ్వే కొట్టేద్దామనుకున్నవా?"

ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి తియ్యలేదు. దాచుకున్న మాట బరువు దిగి ఛాతీ కాస్త తేలికైంది. కానీ బతకాలని ఉంది ఆయనకు, చాలా ఉంది. అరవై రెండు ముళ్ళయ్యాయి. ఇంకో నాలుగు నెలలు ఈ గుండె లాగితే చాలు.

మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, ఉప్పు లేని చారు కంటే క్వార్టర్ మానడమే సులువని ఆమెను ఆటపట్టించి, మళ్ళీ మగ్గంలోకి దిగాడు. ఆండాళు రాట్నం తిప్పుతూ వింటోంది. పది పోగులు, ఆగడం. పది పోగులు, ఆగడం. ఒకసారి ఆగడం కొంచెం ఎక్కువైంది. దప్పికైందేమోనని మూత నిండా నీళ్ళు పోసుకుని వెళ్ళింది. బట్ట చుట్టే దోనె మీద చేతులు మడిచి, నేసిన చీర మీద చెంప ఆన్చి ఉన్నాడు. నాడె పడుగు మధ్యలో ఆగి ఉంది. ఆమె పిలిచింది, భుజం మీద చెయ్యి వేసింది. మూతలో నీళ్ళు ఎప్పుడు ఒలికాయో ఆమెకు తెలియదు.

వాడకట్టు వాళ్ళొచ్చి ఆయనను గుంతలోంచి లేపి, బయట అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఊపిరాడక ఏడాదిగా గోడకానుకునే నిద్రపోయిన మనిషి. అఖిల బస్సు దిగి వచ్చేసరికి పొద్దు వాలింది. తల్లి అరుగు దగ్గర లేదు. లోపల మగ్గం దగ్గర నిలబడి, గుంజకున్న దారాన్ని నోట్లో తడుపుకుంటోంది.

"ఇయ్యాల గూడ ముట్టలే గద మీ నాయిన," అంది.

అఖిల దీపం పెట్టింది. గుంజకు వేలాడే దారం చివర అరవై మూడో ముడి ఇంకా తడిగా ఉంది.