ఉప్పు దిగిన మంచు

నాలుక మీద చిన్న మంచుముక్క.

కరగదు... వెంటనే కరగదు. అందరూ ముసలి అలాసువా నోటివంకే చూస్తూ నిలబడతారు. కుక్కలు కూడా.

"తీపి," అంటుందామె. అప్పుడే కొడుకు మిటెక్ గొడ్డలి ఎత్తుతాడు. ఆమె మాట పడందే సీలు కొవ్వు దీపం మీదికి కుండ ఎక్కదు.

గడ్డకట్టిన తొలి ఏడాది సముద్రం ఉప్పును వదలదు. బూడిదరంగులో, కాలికింద వంగుతూ, కడుపులో దాచుకుంటుంది. ఒక వేసవి... రెండు వేసవులు... ఉప్పు బొట్టుబొట్టుగా కిందికి దిగిపోతుంది. మిగిలింది నీలం. మిగిలింది తీపి.

కానీ అల చిమ్మితే నీలం మీద కొత్త ఉప్పుపొర పేరుకుంటుంది — కంటికి ఆనదు. నాలుకకే తెలుస్తుంది.

అలాసువా నాలుకకే.

కోడలు అవియా నాలుక నేర్చుకున్నది వేరు. కాపురానికొచ్చిన తొలి చలికాలం అత్త ఆమెచేత గొడ్డలి ఇనుము నాకించింది. చలికి ఇనుముకి అతుక్కుని నాలుక తోలు ఊడొచ్చింది.

"రుచి తెలిసిందా, అమ్మాయ్?"

అందరూ నవ్వారు. మిటెక్ కూడా నవ్వాడు. అవియా మరిచిపోలేదు.

ఇప్పుడు ఆమె చంటివాడికి పోయిన మామ పేరు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. అందుకే ముసలిది మనవణ్ణి మొగుడిలాగే పలకరిస్తుంది. "ఏమయ్యా, దాహమా? నీ కోడలు నీళ్లివ్వట్లేదా?"

మూడు రోజులుగా వాడికి వాంతులు. అవియా కుండలో వేలు ముంచి చూసింది. ఉప్పు. అందరూ మొహం చిట్లించుకుని తాగుతూనే ఉన్నారు. అలాసువా తీపి అన్నాక కాదనేదెవరు?

అత్త చెవిలో చెప్పవచ్చు. చెప్పలేదు.

మర్నాడు నీలపుముక్క ఒకటి మంచుపగులులోని సముద్రపునీట ముంచి తీసింది. చలికి పొర కట్టింది. మళ్లీ ముంచింది... మళ్లీ. పొర మీద పొర — అంతా ఉప్పే. అందరి ముందూ అత్త నాలుక మీద పెట్టింది.

ముసలిది కళ్లు మూసుకుని చప్పరించింది.

"తీపి."

అవియా అదే ముక్క మిటెక్ నోట్లో పెట్టింది. అతను ఉమ్మేశాడు. తల్లి ఎదుటే ఉమ్మేశాడు.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"మీ నాన్న పోయిన దగ్గర్నుంచి. ఆ ఒక్క మాట తప్ప నాకేం మిగిలిందిరా?"

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పిల్లవాడు కోలుకున్నాడు. ముసలిది తాగడం మానేసింది. అవియా ఏ గిన్నె తెచ్చినా "ఉప్పు," అని మొహం తిప్పుకుంటుంది. తీపినీళ్లే. అయినా ఉప్పు. అయిదు రోజులకి పెదాలు చిట్లిపోయాయి.

"తాగండత్తయ్యా," అని అవియా బతిమాలింది. గెలిచినందుకు ఆమెకు సిగ్గేసింది. భయమూ వేసింది.

ఆరోనాడు మిటెక్ కొత్తముక్క విరిచి తెచ్చాడు. అలవాటుకొద్దీ తల్లివైపు రెండడుగులు వేసి, ఆగి, పెళ్లాం వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. కుక్కలు కూడా.

అవియా నోరు తెరిచింది.

పడక తోళ్లమధ్య నుంచి, ముసలిదాని ఎండిన గొంతు —

"రుచి తెలిసిందా, అమ్మాయ్?"

నాలుక మీద చిన్న మంచుముక్క.

కరగదు...