రెండో దిండు

మేస్త్రి మంచం దిగి ముందుగదిలోని కుర్చీలోకి మారి నాలుగేళ్ళు దాటింది.

ఆయన టైల్స్ మేస్త్రి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు నేలలు పరుస్తూ వచ్చాడు. మోకాళ్ళూని, నడుము వంచి, లోపలి మూలనుంచి ఒక్కో టైలూ అతికిస్తూ, వెనక్కి వెనక్కి జరిగి గుమ్మం దగ్గర లేచి నిలబడేవాడు. ఎన్ని వందల గుమ్మాల దగ్గర అలా లేచాడో గానీ, ఒకనాటినుంచి లేవడం కష్టమైపోయింది. నడుము కిందిభాగంలో రెండు డిస్కులు అరిగిపోయాయని స్కానింగులో తేలింది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సినవి పలచబడిపోయి, ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయట. మాత్రలు మింగాడు. బెల్టు కట్టాడు. వ్యాయామాలు చేశాడు. నడుములోకి సూదిమందు ఎక్కించుకుంటే మూణ్ణెల్లు హాయిగా ఉండేది, ఆ తర్వాత కథ మళ్ళీ మొదటికొచ్చేది. పరుపు మీద పడుకుంటే తెల్లారి లేవలేకపోతున్నానని, వెనక్కి వాలే కుర్చీ ఒకటి తెచ్చుకుని అందులోనే సగం కూర్చుని, సగం పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య నర్సరీ బడిలో పాఠాలు చెబుతుంది. వీధిలో అందరికీ టీచరమ్మ. బడిలో ముప్పైమంది పిల్లలు రోజంతా ఆమె కొంగు పట్టుకుని వేలాడేవాళ్ళు. ఒళ్ళో ఒకడు, వీపు మీద ఒకత్తె. ఇంటికొచ్చాక మాత్రం ఒక్క చెయ్యి తగిలేది కాదు. కూరలో ఉప్పు చాలిందా, మాత్ర వేసుకున్నారా, కరెంటు మనిషి వచ్చాడా, ఇవీ మాటలు. మంచం మీద రెండో దిండు అలాగే ఉండేది. ఎవరూ తల ఆనించని ఆ దిండుకు ఆదివారం ఆదివారం గలీబు ఉతికి తొడిగేది. ఎందుకు ఉతుకుతున్నానా అని ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, మానలేకపోయింది. ఆయన ఎక్కడికీ పోలేదు. గోడకు అవతలే ఉన్నాడు. కుర్చీ కిర్రుమనడం కూడా వినబడేది. అయినా, ఊరెళ్ళిన మనిషి కోసం చూసినట్టే ఆమె ఆయన కోసం చూస్తూ ఉండేది.

ఆపరేషను చేయించుకుంటే మంచిదని డాక్టరు రెండేళ్ళనాడే చెప్పాడు. మేస్త్రి వినలేదు. వీధి చివర ఉండే ఆయన అక్కగారు అసలు విననివ్వలేదు.

"వెన్నులో మరలు బిగిస్తారట! మనిషా, తలుపు చెక్కా?" అనేది ఆవిడ. "ఒరే తమ్ముడూ, కత్తి పెట్టించుకున్నావంటే మాత్రం నా ఇంటి గడప తొక్కకు."

"నీ గడప బాగా ఎత్తుగా ఉంటుందక్కా. ఇప్పుడైనా తొక్కలేను," అనేవాడు మేస్త్రి. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. టీచరమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడు వానలు వెలిసిన రోజుల్లో బడికి ఫోనొచ్చింది. "మీవారు మా స్నానాలగదిలో పడుకున్నారమ్మా, లేవడం లేదు," అన్నాడు ఎవరో ఇంటాయన. ఆమె పిల్లల్ని పక్క టీచరుకు అప్పగించి పరుగెత్తింది. వెళ్ళి చూస్తే, మేస్త్రి కొత్తగా పరిచిన నేల మీద, అవతలి మూలలో ఓ పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. పనంతా అయ్యాక మూలలో ఒక టైలు కాస్త దిగినట్టు కనిపించిందట. టైల్స్ మీద బరువు పడకుండా చెక్క వేసుకుని వెళ్ళి సరిచేస్తుంటే నడుము పట్టేసింది. ఊపిరి తీస్తేనే ప్రాణం పోతున్నట్టుంది ఆయనకు. బయటికి మోసుకురావాలంటే పచ్చి నేల మీదుగానే రావాలి. ఇద్దరు మనుషులు లోపలికి అడుగుపెట్టగానే, "తొక్కకండయ్యా, ఇంకా ఆరలేదు!" అని అరిచాడు మేస్త్రి. వాళ్ళు తొక్కక ఏం చేస్తారు? ఒక్కో అడుగుకీ ఒక్కో టైలు జరిగింది, సందుల్లోంచి సిమెంటు పైకుబికింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెప్పల సందులోంచి నీళ్ళు కారడం టీచరమ్మ చూసింది. అవి నొప్పికి వచ్చినవి కావని ఆమెకు తెలుసు.

మర్నాడు ఆయనే అన్నాడు. "డాక్టరుకు చెప్పు. చేయించుకుంటాను."

డాక్టరు కుర్రవాడే గానీ, మాట నింపాదిగా చెప్పేవాడు. అరిగిన డిస్కులు తీసేసి, వాటి చోట ఎముక ముక్కలు పెట్టి, మూడు పూసల్నీ మరలతో, కడ్డీలతో కదలకుండా బిగిస్తామన్నాడు. అవన్నీ కలిసి ఒకే ఎముకగా అతుక్కోవడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పట్టొచ్చన్నాడు.

"అంటే ఆరేదాకా తొక్కకూడదు," అన్నాడు మేస్త్రి.

డాక్టరు నవ్వాడు. "సరిగ్గా చెప్పారు. సిగరెట్టు ఇవాళే మానాలి. పొగతాగేవాళ్ళకు ఎముక సరిగ్గా అతకదు. ఇంకోమాట. నొప్పి పూర్తిగా పోతుందని నేను చెప్పను. సగానికి పైగా తగ్గితే మనం గెలిచినట్టే. బిగించిన చోట మాత్రం నడుము ఇక వంగదు."

"మరి నేల పని?"

డాక్టరు టీచరమ్మ వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగాడు. "అది మర్చిపోవాల్సిందేనండీ."

ఇంటికొచ్చి, మేస్త్రి జేబులోని సిగరెట్టు పెట్టె తీసి భార్య చేతిలో పెట్టాడు.

రెండు నెలల తర్వాత ఆపరేషను జరిగింది. ఐదు గంటలు పట్టింది. బయట బల్ల మీద టీచరమ్మ పక్కనే కూర్చుని, వదినగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంతసేపు నోరు మూసుకుంది. తర్వాత లోపలికి పంపించినప్పుడు, మత్తులో ఉన్న తమ్ముడి కాళ్ళ దగ్గర నిలబడి, "వేళ్ళు కదుపు నాయనా," అంది. పది వేళ్ళూ కదిలాయి. ఆవిడ అక్కడే గోడకానుకుని కూలబడి, "కడుపు మాడిపోతోందే పిల్లా, ఏమైనా తిందాం పద," అంది.

వ్యాయామం నేర్పే అమ్మాయి మంచం మీదనుంచి లేవడం నేర్పింది. "దుంగలా దొర్లాలి. భుజాలూ తుంటీ కలిసి తిరగాలి. నడుము మెలిపడకూడదు." మూడు నెలలు వంగకూడదు, బరువెత్తకూడదు, ఒళ్ళు మెలితిప్పకూడదు. టీచరమ్మ సెలవు పెట్టింది. ఆయనకు చెప్పులు తొడిగింది, కాళ్ళు కడిగింది, కింద పడ్డవన్నీ ఏరింది. మొదటివారం గుమ్మం దాకా, ఆపైన వీధి మొదటిదాకా, నెల తిరిగాక చెరువుగట్టు వరకు నడిపించింది. నాలుగో నెలకు ఆయన మొహంలో రంగు వచ్చింది. పదింట ఏడు పాళ్ళు నొప్పి తగ్గిందన్నాడు. ఎక్స్‌రే తీసి చూసి, ఎముక అతుక్కుంటోందని, పరుపు మీద హాయిగా పడుకోవచ్చని డాక్టరు చెప్పాడు.

ఆ మాట విన్న సాయంత్రం టీచరమ్మ పక్క దులిపి, ఉతికిన దుప్పటి పరిచింది. ఆయన అన్నం తిని, చేతులు కడుక్కుని, వెళ్ళి కుర్చీలో వాలాడు.

ఆ మర్నాడూ అంతే. ఆ వారమూ అంతే. ఇన్నాళ్ళూ నొప్పి అడ్డమని సర్దుకుంది. ఇప్పుడేది అడ్డమో అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ముప్పైమంది పిల్లల్ని అదిలించే నోరే అది.

నోరున్నది వదినగారు. ఓ ఆదివారం మధ్యాహ్నం వచ్చి, కుర్చీ మీద మడతపెట్టిన దుప్పటి చూసి, "ఆపరేషను మనిషికి చేయించామా, కుర్చీకి చేయించామా?" అంది. ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అంటూ లేచి వెళ్ళిపోయింది. పాలు ఆ ఇంట్లో పొద్దున్నే కాస్తారు.

కాసేపటికి టీచరమ్మే అడిగింది. "నా పక్కన పడుకోవాలని లేదా మీకు?"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "అదేం మాట?"

"మరింకేంటి? డాక్టరు చెప్పాడుగా."

ఆయన కుర్చీ చెయ్యి గోటితో గీకుతూ కూర్చున్నాడు. "నీకు గుర్తుందా... అప్పట్లో ఒకసారి నిద్రలో నీ చెయ్యి నడుము మీద పడితే కసురుకున్నాను. నానామాటలు అన్నాను."

"నొప్పికి అన్నారు."

"నొప్పికే. కానీ ఆ తర్వాత నువ్వు అంచుకు జరిగి పడుకునేదానివి. రెండు చేతులూ గుండెలకు అదుముకుని, కదిలితే తప్పన్నట్టు. పొద్దున్నే అలా చూసేవాణ్ణి నిన్ను. నావల్ల నీ నిద్ర కూడా పోయిందే అనిపించింది. అందుకే ఇటొచ్చేశాను. పరుపు పడలేదన్నది వంక."

నాలుగేళ్ళూ టీచరమ్మ అనుకున్నది వేరు. తన చెయ్యి తగిలి నొప్పి పెట్టిందని, ఆ భయంతోనే ఆయన దూరం జరిగాడని.

"ఒక్కమాట చెప్పొద్దా?" అంది. "నాలుగేళ్ళండీ! దిండు గలీబులు ఉతుక్కుంటూ కూర్చున్నాను, పిచ్చిదాన్ని."

ఆయన లేచాడు. కుర్చీ చేతులు పట్టుకుని, నేర్పినట్టే నెమ్మదిగా లేచి, లోపలిగదిలోకి నడిచి మంచం అంచున కూర్చున్నాడు. దుంగలా ఒరిగి, దొర్లి, వెల్లకిలా పడుకున్నాడు. ఆమె ఇవతల పడుకుంది. కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటే, ఆయనే ఒక చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. ఆమెకు మాత్రం కన్ను మూతపడలేదు. పక్కన మనిషి ఊపిరి వినడం మరిచిపోయింది మరి. అది మళ్ళీ అలవాటు కావడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది.

ఏడాది తిరిగాక మేస్త్రి గోడలకు టైల్స్ వేసే పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. నడుము ఎత్తునుంచి పైకి ఆయన పని, దిగువ పని, నేల పని తోటి మేస్త్రిది. మబ్బు పట్టినరోజు నడుము లాగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు మాత్ర వేసుకుని ఊరుకుంటాడు.

మొన్నామధ్య ఓ సాయంత్రం, పని పూర్తయిన ఇల్లు చూపిస్తానని భార్యను తీసుకెళ్ళాడు. గోడలన్నీ ఆయనవి. వాటి వైపు చూడలేదు. ఖాళీ హాలు మధ్యలో నిలబడి, నేల వైపే చూస్తూ ఉన్నాడు. చేతివేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

"కాస్త వంగి చూడు," అన్నాడు. "ఆ కిటికీ కింద, రెండు టైల్సూ కలిసే చోట. వేలికి అంచు తగులుతోందా?"

ఆమె చీర సర్దుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. చూపుడువేలు ఆ సందు మీదుగా మెల్లగా పోనిచ్చింది. నేల చల్లగా, నున్నగా ఉంది. ఒకచోట మాత్రం, గోరంత, అంచు పైకి లేచి ఉంది.

"తగులుతోంది," అంది.

"తగులుతుంది," అన్నాడు మేస్త్రి. "నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది."

ఆమె పైకి చూసింది. ఆయన ఇంకా నేలవైపే చూస్తున్నాడు. ఆమె వెంటనే లేవకుండా, ఆ పక్క సందు మీదకు కూడా వేలు జరిపింది.