నమూనా చిరునామా

సముద్రం మధ్య దీవిలో ఉన్న మా అపియా ఊళ్ళో ఇంటికి నంబరుండదు. ఉన్నా ఎవడికీ తెలియదు. ఫలానా చర్చి దాటాక, ఫలానావాళ్ళ పెద్దత్త ఇంటికి ఎదురుగా అంటేగానీ టాక్సీవాడు కదలడు. ఈ ముక్క వెల్లింగ్టన్‌లో కూర్చున్న డంకన్ బుర్రకి ఎక్కించడానికి పెనీనాకి రెండు వారాలు పట్టింది.

పెనీనాది బీమా కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. శనివారాలు మాత్రం, మొగుళ్ళ దెబ్బలకి తాళలేక వచ్చేసిన ఆడవాళ్ళని దాచిపెట్టి కాపాడే ఒక సంస్థ వెబ్‌సైట్‌కి ఉచితంగా కోడ్ రాసేది. అది ఓపెన్ సోర్స్ పని. రాసిన ప్రతి అక్షరం లోకమంతా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. డంకన్ కూడా అలా ఊరికే చేసిపెట్టేవాడే. మంచివాడే గానీ మహా మొండి. సాయం కోరే ఫారంలో వీధి పేరు, ఇంటి నంబరు రాయకపోతే ముందుకు పోనివ్వకూడదని పట్టుబట్టాడు. లేని నంబరు ఆ మనిషి ఎక్కణ్ణుంచి తెస్తుందయ్యా అని పెనీనా మొత్తుకుంది. చివరికి ఒళ్ళు మండి, మా చిరునామాలు ఇలా ఉంటాయి చూసుకో అని, నోటికొచ్చిన గుర్తులు రాసి పడేసింది. పాత బేకరీ వెనక సందు, ఆకుపచ్చ నీళ్ళ ట్యాంకున్న రెండో ఇల్లు, గేటు పక్కన సీమపనస చెట్టు.

డంకన్ ఓటమి ఒప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇంత చక్కటి ఉదాహరణ అందరికీ పనికొస్తుందని, దాన్ని తీసుకెళ్ళి చిరునామా గడిలో బూడిదరంగు అక్షరాలతో నమూనాగా పెట్టాడు. ఆ మార్పు సరిచూడాల్సింది పెనీనాయే. గెలిచిన సంబరంలో చదవనైనా చదవకుండా సరే అని నొక్కేసింది.

తొమ్మిది రోజుల తర్వాత, సంస్థ నడిపే తాయిమానె ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మంది. ఆడవాళ్ళని దాచే ఆ ఇంటికి పెనీనా అంతకుముందు ఒక్కసారే వెళ్ళింది, ఎప్పుడో ప్రింటర్ బాగుచేయడానికి. బేకరీ వెనక సందులోకి తిరిగి ఆ ట్యాంకు చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఏదో ఇల్లు రాశాననుకుంది. రాసింది ఈ ఇల్లు.

లోపల సౌనోవా అనే ఆవిడ చాప మీద కూర్చునుంది. ఎడంచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. తన చెల్లెలి కోసం ఫారం నింపుదామని తెరిస్తే, తను దాక్కున్న ఇల్లే అందులో కనబడిందట.

పెనీనా అక్కడే కూలబడి ఆ వాక్యం తీసేసింది. రెండు నిమిషాల పని. మూడుసార్లు సరిచూసుకునేసరికి పావుగంట పట్టింది.

"తీసేశానక్కా. ఇప్పుడు లేదు."

"చదివినవాళ్ళ బుర్రలోంచి కూడా తీసేశావా?" అంది సౌనోవా. గొంతు పెంచలేదు. "మా ఆయనకి ఈ పేజీ తెలుసు. నా ఫోన్‌లో ఇది చూసే కదా చెయ్యి విరగ్గొట్టాడు."

ఎంతమంది చూసుంటారని తాయిమానె అడిగింది. మూడొందల పన్నెండు మంది. ఎవరెవరో తెలియదు. పైగా కోడ్ పాత ప్రతులన్నీ అలాగే నిలవుంటాయి, ఎవరు కాపీ చేసుకున్నారో కూడా తెలియదు. అది కూడా దాచకుండా పెనీనా చెప్పింది.

తాయిమానె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండునని పెనీనా ప్రాణం కొట్టుకుంది. ఆ ఇల్లు సంపాదించడానికి ఆవిడ ఆరేళ్ళు చర్చిల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఇప్పుడు మధ్యాహ్నంలోగా ఖాళీ చేయాలని మాత్రం చెప్పి, వంగి చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

ముగ్గురు ఆడవాళ్ళు, ఐదుగురు పిల్లలు. గిన్నెలు, దుప్పట్లు, బడి సంచులు పెనీనాయే మోసి వ్యానులో పెట్టింది. పిల్లల్లో ఒకతి, మళ్ళీ ఎందుకు వెళ్ళిపోతున్నామని వాళ్ళమ్మని అడుగుతూనే ఉంది. అందరూ ఎక్కాక పెనీనా కూడా ఎక్కబోయింది.

"నువ్వు దిగు పిల్లా," అంది తాయిమానె.

"సామాను దించడానికి మనిషి కావాలి కదత్తా."

"కావాలి. కానీ ఎక్కడికి వెళ్తున్నామో నీకు తెలియకూడదు."

పెనీనా దిగింది. సౌనోవా కిటికీలోంచి ఆమెనే చూస్తూ ఉంది. వ్యాను కదిలి సందు చివరికి చేరుతుంటే, ఏ వైపు తిరుగుతుందో కంటబడకుండా, పెనీనా గబుక్కున బేకరీ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.