రెండడ్డగీతల మీట

ఫాల్గునమాసపు కడపటి దినములు. తుంగభద్రకు దక్షిణమున నున్న యా తాలూకా పట్టణమునందు ప్రత్తిబండ్ల రాకపోకలు సన్నగిల్లి వాని వెనుక రాలిన దూదిపోగులు మాత్రము కంచెముండ్లకు జిక్కుకొని వేడిగాలికి వణకుచుండెను. వేపచెట్లు తొలిపూత తొడిగి తమ చేదుకమ్మదనమును వీధివీధికి బంచిపెట్టుచుండగా పదిగంటల సూర్యుడు నల్లరేగడి నెరియలలోనికి తొంగిచూచుచు మధ్యాహ్నప్రతాపమునకు సన్నాహము చేసికొనుచుండెను. అట్టి సమయమున నున్నత పాఠశాల వెనుకటి గది ముందర నలువదిజతల చెప్పులు విడిచియుండుట చూచి దారిన బోవు ముదుసలి యొకడు లోపల దేవతార్చన జరుగుచున్నదని తలచి చేతులు జోడించి పోయెను.

లోపల జరుగుచున్నది కంప్యూటరు పరీక్ష. ఇది యిరువదియైదేండ్ల నాటి మాట. ఆ కాలమున కంప్యూటరుగది యనగా గర్భాలయముతో సమానము. కిటికీలకు నీలితెరలు. యంత్రములకు దర్జీచే కుట్టించిన గుడ్డముసుగులు. ఆ ముసుగు తొలగించి మీట నొక్కగానే పెట్టెవలె బలిసిన తెర తనలో తాను గొణుగుకొని మెల్లమెల్లగా కన్ను దెరచుచుండగా పిల్లలు ఊపిరి బిగబట్టి చూచెడివారు. నేడు మనము చెప్పులకాలితోనే జేబులోని యంత్రమును మీటుచున్నాము. నాటి భయభక్తులును లేవు. వేడెక్కిన తీగలతో గలసిన యా క్రొత్తగుడ్డ వాసనయు లేదు.

పదవతరగతి పిల్లలకు ప్రోగ్రాము వ్రాయుటయు పట్టికలలో దాచిన వివరములను వెదకి తీయుటయు నెంతవరకు వచ్చినదో తేల్చుట యా పరీక్ష పని. అరువది మార్కులు దాటిన బాలికలకు జిల్లా పాలిటెక్నిక్కులో హాస్టలుతో గూడిన చోటు లభించును. పరీక్షకుడు చౌడప్ప. తన వంశమున డిగ్రీపట్టా చేతబట్టిన మొదటివాడగుటచే నియమపత్రమునందలి ప్రతిపంక్తిని వ్రేలుపెట్టి చదువుట యాతని కలవాటు.

ముద్రణయంత్రము గరగరలాడుచు విడిచిన జవాబుల చుట్టను విప్పి చూచుచు చౌడప్ప యొకచోట నాగిపోయెను. ముప్పదియైదు మార్కులు వచ్చిన పిల్లలెవ్వరో పట్టికనుండి తీయుమని ప్రశ్న. మార్కులు ముప్పదియైదునకు సమానమని ఫాక్స్‌ప్రో భాషలో నొక్క వరుస వ్రాసిన చాలును. సమానమని యంత్రమునకు దెలుపుటకు రెండడ్డగీతల చిహ్నమున్నది గదా. కాని కోసనగల్లు గ్రామమునుండి వచ్చిన యార్గురు పిల్లలును ఆ చిహ్నమును విడిచి ముప్పదియైదుకంటె తక్కువయు గాక యెక్కువయు గానివారు ఎవ్వరో చెప్పుమని చుట్టుతిరిగి యడిగియుండిరి. ఆరు కాగితములయందును అదే వంకర. ఒకే పాఠశాలవారి జవాబులలో నొకే వింత పోకడ కనబడెనేని దానిని చూచివ్రాతగా నెంచి ఫలితములు నిలుపవలెనని నియమపత్రము ఘోషించుచుండెను.

పరీక్షాధికారి వీరభద్రాచారి భుజముమీదుగా వంగి చూచెను. ఆయన యా పట్టణమున పదేండ్లుగా కంప్యూటరు పాఠములు చెప్పుచున్న ఘనుడు.

"ఏం చౌడప్పా, ఇంకా చూస్తానే ఉండావా? ఒకడు చేస్తే తప్పంటారు. ఆరుమంది చేస్తే కాపీ అంటారు. కాపీ ఫారం నింపు."

"తప్పు గాదు సార్. జవాబు సరిగ్గానే వస్తాంది."

"సరిగ్గా వస్తే ఇంకా అనుమానం."

చౌడప్ప ఫారము తీసెను గాని కలమునకు మూత తీయలేదు. ఆ యార్గురిలో నెక్కువ మార్కులు రాదగిన బాలికను బిలిపించెను. ఆమె పేరు ఉరుకుందమ్మ. ఈ పరీక్షలో చోటు రాకున్నచో వేసవి కాగానే ప్రత్తిమిల్లు పనికి బంపుదునని తండ్రి ముందే చెప్పియుండెను. ఆ భయ మామె కన్నులలో స్పష్టముగా కనబడుచుండెను.

"ఎవరు నేర్పినారమ్మా ఇట్ల రాయను?"

"మా ఖాజా సారు."

"పరీక్షకని చెప్పి పంపినాడా?"

"లేదు సార్. రెండేండ్ల నుంచి ఇట్లనే రాస్తాన్నాం."

"విన్నావా?" అని వీరభద్రాచారి నవ్వెను. "రెండేండ్ల నుంచి కాపీ అంట."

చౌడప్ప మీటలపలకను బాలికవైపు త్రిప్పి రెండడ్డగీతలున్న మీటను జూపెను. "ఈ బటన్ నొక్కితే చిన్న వరసలో అయిపోయేది గదా. ఎందుకు నొక్కలేదు?"

బాలిక వంగి పరాయియింటి పెరడు చూచినట్లు దానిని జూచెను. "మా దాంట్ల అది లేదు సార్. ఆడ గుంత ఉంది."

"గుంతనా?"

"ఊ. ఏలు పెడితే సారు తిడతాడు. కరెంటు కొడుతుందంట."

వరండాలో పిల్లల చెప్పులకు కాపలా కాయుచున్నట్లు నిలిచియున్న ఖాజాహుసేను మాష్టరును లోనికి బిలిచిరి. ఆయన చేతిగుడ్డతో మెడ తుడుచుకొనుచు చెప్పెను. "ఒక ఆఫీసోళ్లు వాడి ఇచ్చిన మిషను సార్ మాది. వచ్చినపుడే ఆ బటన్ లేదు. ఏడు అర్జీలు పెట్టుకున్నా. ప్లస్ గుర్తు ఆ బటన్ మీదదే గానీ అది పక్కన అంకెల్లో ఇంకోటుంది. ఈ సమానం గుర్తు మాత్రం ఇంక యాడా లేదు. బటన్ వచ్చేదాకా చదువు నిలపలేం గదా. ఉండేవాటితోనే ఎట్ల చెప్పాల్నో పిల్లోళ్లూ నేనూ కూర్చోని ఎతుక్కున్నాం."

"కథ బాగుంది. రుజువేదప్పా?" అనెను వీరభద్రాచారి.

రుజువనదగినది ఆ పాత యంత్ర మొక్కటే. కోసనగల్లు అచటికి ముప్పదిమైళ్లు. ఫలితములు సాయంకాలమునకే పంపవలెను. చౌడప్ప యొకింత యాలోచించి హాజరుపట్టీకై తెచ్చిన జిగురుకాగితము చించి యా మీటపై నతికించెను.

"సార్, మీరు కూర్చోండి. ఇది ముట్టకుండా ఇదే ప్రశ్నకు రాయండి. తక్కువ గాదు ఎక్కువ గాదు అనేది అందరం చూసేసినాం గాబట్టి అది వద్దు. ఇంకో దారి."

"ఓస్ ఇంతేనా" యని పరీక్షాధికారి కుర్చీలాగికొనెను. ఆయన వ్రేలు ముమ్మారు కాగితముమీదికే బోయి ముమ్మారు వెనుదిరిగెను. పావుగంటకు లేచి "కళ్లద్దాలు తేలేదులే ఈ పొద్దు" అనెను. కంటియద్దము లాయన ముక్కుమీదనే యుండెను.

పిమ్మట ఉరుకుందమ్మ కూర్చుండెను. ఆ బాలిక క్షణకాలము కన్నులు మూసికొని పెదవులు కదిపి ముప్పదియైదుకును ముప్పదియైదుకును నడుమనున్న మార్కులవారిని జూపుమని యంత్రము నడిగెను. నడుమ నన్నప్పుడు రెండు గట్టులను గూడ యంత్రము కలుపుకొనును గావున గట్టులు రెండు నొక్కటేయైనచో నిలుచునది ముప్పదియైదొక్కటే గదా. తెరమీద ఏడుగురి పేర్లు పొడచూపెను. చౌడప్ప పట్టికతో సరిచూచెను. ఏడుగురే.

వీరభద్రాచారి యా పేర్లను దాను గూడ లెక్కించెను. తుదకు ఫారము తానే మడిచి చింపి జేబులో వేసికొని "జవాబుల కీలో చిన్న వరసే ఉంది. ఈ పిల్ల పొడుగ్గా రాసింది. ఎట్లేస్తావు మార్కులు?" అనెను.

"జవాబుకు వేస్తా సార్. పొడుగుకు కొయ్యను."

అట్లే వేసెను. దయతో నొక్కమార్కును గలుపలేదు. రెండవ ప్రశ్నలో పట్టికను మూయుట మరచినందులకు మూడు మార్కులు కోసియే వేసెను. అయినను ఉరుకుందమ్మకు డెబ్బదియొకటి వచ్చెను. తక్కిన యైదుగురును నెగ్గిరి. శిష్యుడెరుగనిది చూపి గీతగీయుట యే పరీక్షకునికైనను సులభమే. ఏ సాధనము లేక యెంత నేర్చెనో కనుగొనుటకు మాత్రము నియమపత్రము ప్రక్కన బెట్టి యొకసారి యా పిల్ల కూర్చున్న చోటనుండి చూడవలెను. ఆ సంగతి చౌడప్పకు నాడు తెలిసినది. అటుపిమ్మట నెన్ని పరీక్షలు జరిపినను మరవలేదని యాతని నెరిగినవారు చెప్పుదురు.

మార్కులపట్టిక ముగించి యాతడు జిగురుకాగితము నూడదీసి "ఇప్పుడు నొక్కమ్మా" అనెను. ఉరుకుందమ్మ చిటికెనవ్రేలితో భయముభయముగా నొక్కెను. ఒక్క పొట్టి వరుస వ్రాయగానే యా యేడు పేర్లును వచ్చెను. ఆమె తెరవంక చూచెను. వరండాలో పిల్లలను లెక్కించుకొనుచున్న గురువువంక చూచెను. గొంతు తగ్గించి యనెను.

"ఇంత సులువని మా సారు ముందర అనాకండి సార్. బాధపడతాడు."

ఎండ తలమీదికి వచ్చెను. బస్సుకై నడచుచున్న కోసనగల్లు పిల్లలు అయిదుగురును ఆమెను జుట్టుముట్టిరి. మార్కుల మాట వారడుగలేదు.

"ఎట్లుందే ఆ బటన్?"

ఉరుకుందమ్మ చిటికెనవ్రేలిని బొటనవ్రేలితో రాచుకొనుచు కొంతదూరము నడచెను.

"మెత్తగుంది."