వంకర మడత

ఇస్త్రీ రోలర్లోంచి వేడిగా జారుతున్న దుప్పటి మూలలు రెండూ పట్టుకుని అతను రెండడుగులు వెనక్కి నడిచాడు. ఎదురుగా ఉన్న ఆవిడ తన వైపు మూలలు అందుకునేదాకా ఆగాడు. ఇద్దరూ ఒక్కసారి విదిలించారు. దుప్పటి గాలికి ఉబ్బి కిందికి దిగింది. మూలకు మూల చేర్చి, అంచు మీద అరచేత్తో ఒక్క రుద్దు రుద్దాడు. అతను రుద్దిన మడత మళ్ళీ ఉతికేదాకా చెరగదని హోటల్లో అందరూ ఒప్పుకుంటారు.

బట్టల గది ఆ హోటల్ నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల హోరు. కొత్తగా వచ్చినవాళ్ళు వారం తిరక్కుండా పై అంతస్తుల్లో పనికోసం కాళ్ళావేళ్ళా పడతారు. అతను మాత్రం ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అక్కడే ఉన్నాడు. లోకంలో అతనికి పూర్తిగా నచ్చిన చోటు అదొక్కటే. అక్కడ ప్రతిదానికీ నాలుగు మూలలుంటాయి, ఆ మూలలు చెప్పిన మాట వింటాయి.

అందరూ అతన్ని స్కేలు అంటారు. మొదట చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. అతను నొచ్చుకోలేదు సరికదా, మెచ్చుకుంటున్నారనుకున్నాడు. సన్నటి మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకుంటాడు, గోళ్ళు తిన్నగా కత్తిరించుకుంటాడు. వేడి బట్టలు పట్టీ పట్టీ వేళ్ళ కొసల్లో చర్మం నున్నగా, గట్టిగా అయిపోయింది.

ఇవాళ సాయంత్రం బస్సుకి కూతురు వెళ్ళిపోతోంది. వేరే ఊళ్ళో రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. తన పెట్టె తనే సర్దుకుంటుంది. అతను ఆ పెట్టెను ముట్టుకోకూడదు. ఎవరికైనా చెబితే, ఇదీ ఒక పరీక్షేనా అని నవ్వుతారు. అతనికి మాత్రం తలుచుకుంటేనే నోరెండిపోతోంది.

"అన్నయ్యా, ఆ తువ్వాళ్ళు నేను మడతపెట్టినవి. చెయ్యి పెట్టకు," అంది ఎదురుగా ఉన్నావిడ.

"పెట్టను."

ఆవిడ టీ తేవడానికి వెళ్ళింది. తువ్వాళ్ళ దొంతర బల్ల మీద ఉంది. మధ్యలో ఒకదాని మడత వంకరపోయి, నాలుక బయటపెట్టినట్టు అంచు కనబడుతోంది. అతను గోడకేసి తిరిగాడు. వీపుకి కళ్ళున్నట్టు అక్కణ్ణించి కూడా అదే కనబడింది. చివరికి గబగబా వెళ్ళి లాగి, విప్పి, మళ్ళీ మడిచి, దొంతరలో దూర్చేశాడు. హాయిగా అనిపించింది. ఆ వెంటనే భయం వేసింది. పరాయివాళ్ళ తువ్వాలుకే ఇలా అయిపోతే సాయంత్రం ఏం చేస్తాడు?

ఆవిడ టీ గ్లాసులతో వచ్చి దొంతర వంక ఓ చూపు చూసింది. "డాక్టరమ్మకి చెప్పేస్తానుండు," అంది.

డాక్టరమ్మ సంగతి ఈ గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అతనంతట అతనే చెప్పాడు.

కిందటేడాది దాకా తనకో జబ్బుందంటే అతను కొట్టిపారేసేవాడు. ఇంట్లో చెప్పుల ముక్కులన్నీ గోడవైపే ఉండాలి. గిన్నెలు పెద్దదాని పక్కన చిన్నదిగా వరసలో ఉండాలి. పేస్టు గొట్టాన్ని కిందనుంచే నొక్కాలి. భార్య చేసిన పని ప్రతిదీ అతను మళ్ళీ చేసేవాడు. తుడిచిన బల్లే తుడిచేవాడు, ఆరేసిన బట్టలే తీసి ఆరేసేవాడు. దీన్ని అతను పద్ధతి అనేవాడు. పద్ధతి లేని ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పడి నలిగిపోతున్నానని నిజంగానే జాలిపడేవాడు, తన మీద తనే.

కూతురి కాలేజీవాళ్ళు విహారయాత్రకి బయల్దేరిన రోజు ఆ పద్ధతి కొంప ముంచింది. తెల్లవారుతూనే అతను ఆమె సర్దుకున్న సంచీ విప్పి, బట్టలన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టాడు. "నాన్నా, బస్సెళ్ళిపోతుంది," అని ఆ పిల్ల బతిమాలింది, ఏడ్చింది. "అయిపోయింది, ఇదొక్కటే," అంటూనే ఉన్నాడు. వీధి చివరికి పరిగెత్తేసరికి బస్సు లేదు. సంచీ మాత్రం చూడముచ్చటగా ఉంది. ఆమె అరవలేదు. ఇంటికొచ్చి సంచీని గదిలో ఓ మూల పెట్టింది. ఆ రోజునుంచీ అతన్ని నాన్నా అని పిలవడం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే.

నాలుగు రోజులు చూసి భార్య అడిగేసింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ నన్ను మడతపెడుతూనే ఉన్నారు. నాకు ఓపికుంది కాబట్టి పడ్డాను. దానికెందుకు ఉండాలి? డాక్టరు దగ్గరికొస్తారా, నన్ను మా అన్నయ్య ఇంటికి పొమ్మంటారా?"

డాక్టరమ్మ వయసులో అతని కంటే బాగా చిన్నది. బల్ల మీద కాగితాలు చిందరవందరగా ఉన్నాయి. అవి చూసే అతనికి సగం నమ్మకం పోయింది.

"చేతులు మాటిమాటికీ కడుక్కుంటారే, ఆ జబ్బు నాకు లేదండీ," అన్నాడు ముందుగానే.

"లేదండి. ఇది వేరు. వాళ్ళ అలవాటు వాళ్ళకే నరకం, వదిలించుకోవాలనుకుంటారు. మీ అలవాటు మీకు గర్వం. నరకం పక్కవాళ్ళకి." ఆవిడ నవ్వుతూనే చెప్పింది. "స్వభావమే ఇలా బిగుసుకుపోతే దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటాం. మీరు చెడ్డవారని కాదు. చిన్నప్పుడు ఎక్కడో భయం వేసి, అన్నీ తిన్నగా ఉంటే ఏ గొడవా రాదని నేర్చుకునుంటారు."

అతనికి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. పలక ఏటవాలుగా పెడితే వీపు చిట్లగొట్టే మనిషి. ఆ మాట అప్పుడు చెప్పలేదు. చాలా రోజుల తర్వాత చెప్పాడు, చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మందుందా అండీ?"

"నిద్ర పట్టనంత ఆందోళనగా ఉంటే మాత్ర ఇస్తాను. స్వభావానికి మాత్ర లేదండి. వారం వారం వచ్చి మాట్లాడాలి. రోజూ ఏదో ఒకటి వంకరగా వదిలెయ్యాలి. వదిలేశాక లోపల సెగ పైకొస్తుంది. కదలకుండా చూస్తూ ఉండండి. కాసేపటికి అదే దిగుతుంది."

మర్నాటినుంచే మొదలుపెట్టాడు. ఆ వారం ఏమేం వదిలేశాడో రెండు రంగుల సిరాతో గళ్ళు గీసి రాసుకెళ్ళాడు. డాక్టరమ్మ పడీపడీ నవ్వి, ఈ వారం గళ్ళు గీయకపోవడమే మీ పని అంది. అతనికి కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. తన మీద తనకి నవ్వు రావడం బహుశా అదే మొదటిసారి. ఇప్పుడు భార్య పేస్టు గొట్టాన్ని మధ్యలో నొక్కుతోంది. అయినా అతను బతికే ఉన్నాడు.

మధ్యాహ్నం అతను ఇంటికి చేరేసరికి భార్య వంటింట్లో ఉంది. కూతురు స్నానం చేసి వచ్చి గదిలో సర్దుకుంటోంది. అతను గుమ్మం దగ్గర ఆగాడు.

పెట్టె మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. ఎంత కుక్కాలో అంతా కుక్కేసింది. చొక్కాల మీద చెప్పులు, చెప్పుల మీద దువ్వెన, తువ్వాలులో చుట్టిన అద్దం. మడత అన్నది మచ్చుకి కూడా లేదు. మూత సగం దాకా వచ్చి మొరాయిస్తోంది. జిప్పు కదలడం లేదు.

ఆమె తలెత్తి అతన్ని చూసింది. పెట్టె మీద రెండు చేతులూ ఆన్చి, అలాగే నిలబడింది. ఎవరైనా లాక్కుంటారేమోనని పిల్లలు బొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంది. తన కూతురు తననుంచి పెట్టెను కాపాడుకుంటోందని అతనికి అర్థమైంది.

సెగ మొదలైంది. కడుపులోంచి లేచి మెడ దాకా వచ్చింది. అంతా తీసి, కింద బరువైనవి పెట్టి, చొక్కాలు చుట్టలు చుట్టి పెడితే ఇంకో దుప్పటి కూడా పడుతుంది. ఎంతసేపని? అరగంట కూడా పట్టదు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"మీద కూర్చోనా?" అన్నాడు.

"ఏంటి?"

"పెట్టె మీద. నేను కూర్చుంటే నువ్వు జిప్పు లాగొచ్చు."

ఆమె నమ్మలేనట్టు చూసి పక్కకి జరిగింది. అతను మంచమెక్కి పెట్టె మీద కూర్చున్నాడు, బస్సులో సీటు దొరకనివాడు మూట మీద కూర్చున్నట్టు. కింద ఏదో పటుక్కుమంది. దువ్వెనే అయుంటుంది. ఆమె పళ్ళ బిగువున లాగింది. జిప్పు ఒక మూల తిరిగింది, రెండో మూల దగ్గర ఆగింది, మళ్ళీ కదిలి చివరికంటా వచ్చింది.

నీలం చొక్కా చెయ్యి ఒకటి బయటే ఉండిపోయింది. జిప్పు పళ్ళ మధ్యనుంచి జానెడు వేలాడుతోంది.

అతను దాన్ని చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ తర్వాత అతని మొహం చూసింది. సెగ మెడ దాటి చెవుల్లోకి వచ్చింది. అతను కదల్లేదు. వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. సెగ కొంచెం దిగింది, ఇంకొంచెం దిగింది.

"చొక్కా చెయ్యి బయటికొచ్చింది, చూశావా?" అంది చివరికి.

"చూశాను."

"ఏమనవేం?"

"ఏమంటాను? దానికీ ఊరు చూడాలనుందేమో."

ఆమె పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "దిగు నాన్నా, దువ్వెన ఇంకో రెండు ముక్కలయ్యేలా ఉంది," అంది.

నాన్నా. అతను వెంటనే దిగలేకపోయాడు. గుమ్మంలో భార్య, చేతిలో గరిటె పట్టుకుని, ఎప్పుడొచ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

బస్టాండులో పెట్టెను అతనే మోశాడు. నీలం చొక్కా చెయ్యి దారిపొడుగునా అతని మోకాలికి తగులుతూనే ఉంది. బస్సెక్కి పెట్టెను పై అరలో పెట్టేటప్పుడు మాత్రం అంచుకి సమానంగా జరిపాడు. కూతురు చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ మాత్రం దానికి డాక్టరమ్మ కూడా ఏమీ అనదు.

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది, మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. ఈసారి బస్సు ఆమెను ఎక్కించుకునే వెళ్ళింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. హమ్మయ్య అనిపించింది. బిడ్డ వెళ్ళిపోతుంటే హమ్మయ్య ఏమిటని మొదట సిగ్గుపడ్డాడు గానీ, పక్కన భార్య మొహంలోనూ అదే కనబడింది.

"ఏడుస్తాననుకున్నాను," అందామె.

"రేపు ఏడుద్దాంలే. ఇవాళ్టికి ఇది చాలు."

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. భార్య దీపం వేసి లోపలికెళ్ళింది. కూతురి గదిలో మంచం మీద పెట్టె పెట్టిన చోట పరుపు గుంటపడి ఉంది. కిటికీ పక్కన కుర్చీ వీపు మీద ఆమె స్నానం చేసి విసిరేసిన తువ్వాలు ఉంది. దాన్ని చూడగానే అతని వేళ్ళు ఎప్పటిలాగే కదిలాయి. దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. చెయ్యి చాచి, అంచు మీద వేలు ఆన్చాడు. ఇంకా తడిగానే ఉంది.

"ఆరేసెయ్యనా?" అని భార్య లోపలినుంచి అడిగింది.

"ఉండనీ," అన్నాడతను, చెయ్యి వెనక్కి తీసుకుని మంచం మీద కూర్చుంటూ.

కుర్చీ మీద తువ్వాలు, ఒక చెంగు నేలని తాకుతూ, మరో చెంగు కుర్చీ చేతికి చుట్టుకుని, నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి పోయి, కిటికీలోంచి వచ్చే గాలికి మెల్లగా ఆరుతోంది.