మేడ మీది రెండు దిండ్లు

వాకర్ దాచడంలో పెయింటరుగారి భార్యను మించినవాళ్లు లేరు. గేటు చప్పుడైతే చాలు, ఆయన పట్టుకుని నడిచే ఆ చట్రం తలుపు చాటుకు వెళ్లిపోతుంది. ఆయన ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో దర్జాగా ఉంటాడు. వచ్చినవాళ్లు "బాగా కోలుకున్నారే" అని, టీ తాగి వెళతారు.

గోడల మీద నిలువెత్తు అక్షరాలు రాసే మనిషి ఆయన. మూడేళ్ల కిందట సబ్బుల కంపెనీ గోడ మీద చివరి అక్షరం పూర్తి చేసి దిగుతుంటే నిచ్చెన జారింది, నడుము విరిగింది. నిచ్చెన మీదున్నవాడికి గోడంతా ఎక్కడ కనిపిస్తుంది? అప్పట్లో ఇద్దరూ పడుకునే తమ మేడ గది కిటికీలోంచైతే కనిపిస్తుంది. ఆవిడ ఫోన్లో ఫొటో తీసి చూపించబోతే మొహం తిప్పుకున్నాడు. అక్షరాలు ఎలా ఉన్నాయో నోటితో కూడా చెప్పనివ్వలేదు.

"వచ్చే నెలకి నేనే ఎక్కి చూస్తా" అనేవాడు.

"ఎక్కక ఏం చేస్తారు" అనేది ఆవిడ. తను కింద ఆయన మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటూ, మేడ మీది మంచం దిండ్లకు మాత్రం వారం వారం ఉతికిన గలీబులు తొడిగేది. రెంటికీ.

ఇంటి పన్ను కట్టాలంటే ఆ గది అద్దెకివ్వక తప్పని పరిస్థితి వచ్చింది. వికలాంగుల ఇంటికి పన్ను తగ్గిస్తారని ఎవరో చెబితే, గది దక్కుతుందన్న ఆశతో ఆయనే పట్టుబట్టి అర్జీ పెట్టించాడు.

పన్ను ఆఫీసు అతను విచారణకు వచ్చాడు. గేటు చప్పుడైంది. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? వాకర్ తలుపు చాటుకు పోయింది.

"తగ్గింపు ఎవరికమ్మా?"

"ఈయనకేనండీ."

అతను ఎగాదిగా చూశాడు. "బాగానే ఉన్నారు కదా."

"అంతా దేవుడి దయ" అనేసి ఆవిడ నాలిక కరుచుకుంది.

వాకర్ బయటికి రాక తప్పలేదు. గుమ్మం దాకా నడిచేసరికి పెయింటరుగారి చొక్కా చెమటతో తడిసింది.

అతను చూపు దించుకుని, "డాక్టరుగారి కాగితం చూశాను. కానీ నయమయ్యేదైతే తగ్గింపు రాదండీ. మళ్లీ మెట్లెక్కగలనని మీకేమైనా..." అని ఆగాడు.

"వచ్చే నెలకి..." అంది ఆవిడ, అలవాటుగా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎక్కుతానంటే గది పోతుంది. ఎక్కలేనంటే ఆ గది ఉండీ ఏం లాభం? ఆయన భార్య వైపు చూడలేదు.

"ఎక్కలేను బాబూ" అన్నాడు. "ఇక ఎక్కలేను."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరైనా పైకి అనడం అదే మొదలు. అతను తగ్గింపుకు ఒప్పుకుని సంతకం పెట్టి, ఇచ్చిన టీ సగంలోనే వదిలేసి వెళ్లాడు.

ఆవిడ మేడ ఎక్కింది. చాలాసేపటికి దిండ్లు రెండూ చంకన పెట్టుకుని దిగింది. ఒకటి ఆయన తల కింద పెట్టి, రెండోది చాప మీద వేసుకుంది. వాకర్ ఎక్కడిదక్కడే గది మధ్యలో ఉంది. దాని జోలికి పోలేదు.

"కిటికీ తెరిచావా?" అన్నాడు ఆయన.

"తెరిచాను."

"కనిపిస్తోందా?"

"అంతా కనిపిస్తోంది."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"మొదటి అక్షరం నుంచి చెప్పు. తొందరేం లేదు."